ఇంటి నెట్ కనెక్షన్: తీసేయించాలా, ఆపి ఉంచాలా, కొత్తింటికి మార్పించాలా?

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఇల్లు ఖాళీ చేసి చెన్నైకో బెంగళూరుకో వెళ్ళేవాళ్ళు, ఒంగోలు లాయర్‌పేటలో ఒక అద్దింటి నుంచి ఇంకో అద్దింటికి మారేవాళ్ళు, పిల్లలు హాస్టల్లో చేరాక ఇంట్లో వాడకం తగ్గినవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: “కనెక్షన్ తీసేయమంటే ఎంత కట్టమంటారు?” నిజానికి రద్దు ఫీజు అని విడిగా వసూలు చేసేది తక్కువ. డబ్బు పోయేది మూడు చోట్ల. చెప్పకుండా వదిలేసిన లైనుకు నెలనెలా పడే అద్దె, తిరిగి ఇవ్వని బాక్సు ధర, ముందే కట్టేసి వాడుకోని నెలలు. ఈ మూడింట్లో మీకు ఏది ఉందో తెలిస్తే ఏ దారి పట్టాలో సగం తేలిపోతుంది.

ముందు తేల్చుకోవాల్సిన రెండు సంగతులు

మీది ప్రీపెయిడా, పోస్ట్‌పెయిడా? నెల మొదట్లో రీచార్జి చేస్తేనే నెట్ వస్తుంటే ప్రీపెయిడ్. వాడుకున్నాక, లేదా నెల నడుస్తుండగా బిల్లు వస్తుంటే పోస్ట్‌పెయిడ్. ప్రీపెయిడ్‌లో రీచార్జి ఆపితే లైను దానంతట అదే ఆగిపోతుంది, అద్దె పేరుకోదు. పోస్ట్‌పెయిడ్‌లో మీరు వాడినా వాడకపోయినా, రూటరు స్విచ్చి తీసేసినా, ఇల్లు తాళం వేసి ఉన్నా బిల్లు వస్తూనే ఉంటుంది. రద్దు కోరుతూ రాసి ఇచ్చిన రోజు నుంచే లెక్క మారుతుంది. “బిల్లు కట్టకపోతే వాళ్ళే కట్ చేస్తారులే” అనుకుని వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే. కట్ చేసేలోపు నెల రెండు నెలల అద్దె, దాని మీద ఆలస్య రుసుము, ఆపైన బాక్సు ధర కలిసి ఒక్క బిల్లుగా వస్తాయి.

రెండోది, గోడ మీద వెలుగుతున్న బాక్సు ఎవరిది? ఫైబర్ లైనుకు చివర ఉండే పెట్టెను ఓఎన్‌టి అంటారు. వైఫై దాన్లోనే ఉండొచ్చు, పక్కన వేరే రూటరు ఉండొచ్చు. మీరు డబ్బు పెట్టి కొనుక్కుని రసీదు తీసుకుంటే అది మీది. డిపాజిట్ కట్టి తీసుకున్నా, “ఫ్రీ” అని ఇచ్చినా, నెల అద్దె మీద ఇచ్చినా అది కంపెనీది, వెళ్ళేటప్పుడు తిరిగి ఇవ్వాలి. కనెక్షన్ ఇచ్చిన రోజు సంతకం పెట్టిన దరఖాస్తు ఫారం, మొదటి బిల్లు చూస్తే ఇది తెలుస్తుంది. మొదటి బిల్లులో “సెక్యూరిటీ డిపాజిట్” అని ఉంటే తిరిగి వచ్చే డబ్బు. “ఇన్‌స్టలేషన్ ఛార్జీలు” అని ఉంటే తిరిగి రాదు. డిపాజిట్ మీద జీఎస్టీ వేయరు, ఇన్‌స్టలేషన్ మీద 18 శాతం వేస్తారు. బిల్లులో పేరు గందరగోళంగా ఉన్నప్పుడు ఆ పన్ను వరుసే గుర్తు పట్టడానికి పనికొస్తుంది.

మన జిల్లాల్లో ఎవరితో మాట్లాడాలి

కనెక్షన్ ఏ కంపెనీ పేరు మీద ఉందో, డబ్బు ఎవరికి కడుతున్నారో, లైను ఎవరు బాగు చేస్తున్నారో, ఈ ముగ్గురూ ఒకరే కాకపోవచ్చు.

బీఎస్ఎన్ఎల్ ఫైబర్ చాలా ఊళ్ళలో స్థానిక భాగస్వామి ద్వారా వస్తుంది. లైను లాగింది, ఓఎన్‌టి పెట్టింది ఆయనే అయినా ఒప్పందం మాత్రం బీఎస్ఎన్ఎల్‌తోనే. కాబట్టి రద్దు దరఖాస్తు వెళ్ళాల్సింది కస్టమర్ సర్వీస్ సెంటరుకు. ఓఎన్‌టిని భాగస్వామి దగ్గర కొన్నారా, బీఎస్ఎన్ఎల్ అద్దెకిచ్చిందా అన్నది విడిగా చూసుకోండి. భాగస్వామికి చెప్పి, ఆయన “సరే సార్, తీసేస్తా” అంటే సరిపోదు. కంపెనీ రికార్డులో కనెక్షన్ బతికే ఉంటుంది. దీన్ని మన వైపు ఇప్పటికీ “ఫోను సరెండర్ చేయడం” అనే అంటారు. ఆఫీసులో ఆ మాట చెబితే ఏ ఫారం ఇవ్వాలో వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. జిల్లా హద్దులు 2022లో మారాయి, టెలిఫోను హద్దులు మాత్రం పాతవే. ల్యాండ్‌లైను కోడ్ చూసుకోండి: నెల్లూరు 0861, కావలి 08626, ఒంగోలు 08592, కందుకూరు 08598. మీ లైను ఏ ఎక్స్ఛేంజీ కిందిదో దాన్ని బట్టి తెలిసిపోతుంది.

ఏపీ ఫైబర్‌నెట్ అయితే కేబుల్ ఆపరేటరు మధ్యలో ఉంటారు. నెట్, టీవీ, ఫోను ఒకే కనెక్షన్ మీద వస్తాయి గనుక నెట్ వద్దంటే టీవీ కూడా పోయే అవకాశం ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళు టీవీ చూస్తుంటే మొత్తం తీసేయించే ముందు చిన్న ప్లాన్‌కు దిగడం మంచిది. ఆపరేటరుకు కట్టిన డబ్బుకి, ఇచ్చిన బాక్సుకి రసీదు అడిగి తీసుకోండి. నోటి మాట మీద నడిచే కనెక్షన్లలో ఆ తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు.

జియో, ఎయిర్‌టెల్ లాంటి కంపెనీల్లో కంపెనీ యాప్ నుంచో కస్టమర్ కేర్ నుంచో రిక్వెస్టు పెడితే నంబరు వస్తుంది, ఇంటికి మనిషి వచ్చి బాక్సు తీసుకెళ్తాడు. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒక్కటి. కనెక్షన్ రిజిస్టరైన మొబైల్ నంబరు ఎవరి దగ్గరుంది? ఇంటి ఓనరు నంబరు మీదో, ఊరు వదిలి వెళ్ళిన కొడుకు నంబరు మీదో ఉంటే ఓటీపీ అక్కడికి వెళ్తుంది. ముందే సరిచేసుకోకపోతే రద్దు రిక్వెస్టు దగ్గరే పని ఆగిపోతుంది.

అయిదు దారులు, ఎవరికి ఏది

పూర్తిగా తీసేయించడం: ఊరు మారుతున్నవాళ్ళకు, కొత్త ఇంట్లో ఆ కంపెనీ లైను లేనివాళ్ళకు, మొబైల్ డేటాతో గడిచిపోతుందని నిశ్చయించుకున్నవాళ్ళకు ఇదే. ల్యాండ్‌లైను నంబరు మాత్రం పోతుంది. మొబైల్‌లా ల్యాండ్‌లైను నంబరును ఇంకో కంపెనీకి మార్చుకునే వీలు మన దేశంలో లేదు. దుకాణం బోర్డు మీద, బ్యాంకులో, గ్యాస్ ఏజెన్సీలో ఆ నంబరు ఉంటే ముందు వాటిని మార్చుకోండి. ఇంట్లో సీసీ కెమెరాలు ఈ నెట్ మీదే నడుస్తుంటే వాటి సంగతి కూడా ఆలోచించండి. డీవీఆర్‌లోనో మెమరీ కార్డులోనో రికార్డయ్యేది ఆగదు గానీ ఫోన్లో చూడటం ఆగిపోతుంది.

తాత్కాలికంగా ఆపి ఉంచడం: దీన్ని కంపెనీలు “సేఫ్ కస్టడీ” అంటాయి. అన్ని ప్లాన్లకూ ఉండదు, ఉన్నచోట ఎన్నాళ్ళు ఆపొచ్చో, దానికి ఎంత కట్టాలో ప్లాన్‌ను బట్టి ఉంటుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి కొన్ని నెలలు వెళ్ళే తల్లిదండ్రులకు బాగా పనికొస్తుంది, నంబరు కూడా నిలుస్తుంది. అయితే లెక్క వేసుకోవాలి. నెలకు 600 రూపాయల ప్లాన్‌కి 18 శాతం జీఎస్టీ కలిపితే 708. మూడు నెలలు వాడకుండా కడితే 2,124 పోయినట్టే. అదే తీసేయించి, తిరిగొచ్చాక కొత్తగా పెట్టించుకోవడానికి 1,000 రూపాయలు అడుగుతారనుకోండి, నెలన్నరకు మించి ఊళ్ళో ఉండనప్పుడు తీసేయడమే లాభం. సేఫ్ కస్టడీ రుసుము ఆ వెయ్యి కంటే తక్కువైతే దాన్నే ఎంచుకోవాలి. కొత్త కనెక్షన్ ఖర్చును మీ నెల బిల్లుతో భాగించండి. వచ్చిన అంకె కంటే ఎక్కువ నెలలు వెళ్తుంటే వదిలించుకోండి, తక్కువైతే ఉంచుకోండి.

కొత్తింటికి మార్పించడం: అదే ఊళ్ళో మారుతుంటే ముందు దీన్ని అడగాలి. బాక్సు అదే, డిపాజిట్ అదే, మిగిలిన రీచార్జి రోజులు కూడా పోవు. వేదాయపాళెం నుంచి పొదలకూరు రోడ్డుకు మారుతున్నారంటే మీ కంపెనీ లైను ఆ వీధిలో ఉందా అన్నదే ప్రశ్న. దాన్ని కాల్ సెంటరు కంటే ఆ వీధి లైన్‌మన్ బాగా చెబుతాడు. కొత్తింటి దగ్గర స్తంభం మీద పెట్టెలో ఖాళీ పోర్టు ఉందో లేదో చూసి చెప్పమనండి. ఇల్లు మారే రోజుకి పది రోజుల ముందు రిక్వెస్టు పెడితే సామాను దిగేసరికి నెట్ వస్తుంది. “మార్చడం కుదరదు” అని కంపెనీయే చెబితే ఆ మాటను రాతలో తీసుకోండి. కాలపరిమితి ఒప్పందం మధ్యలో వెళ్ళేవాళ్ళకు జరిమానా మినహాయింపు అడగడానికి అదే ఆధారం.

పేరు మార్పించడం: మీ తర్వాత ఆ ఇంట్లో దిగేవాళ్ళకు నెట్ కావాలంటే వాళ్ళ పేరు మీదికి మార్పించవచ్చు. ఆధార్, కొత్త దరఖాస్తు, ఇద్దరి సంతకాలు ఉంటే ఎక్కువచోట్ల పని అవుతుంది. పేరు మార్చకుండా “మీరే వాడుకోండి, డబ్బు మీరే కట్టుకోండి” అని వదిలేయడం మాత్రం వద్దు. ఆ లైను మీద జరిగే ప్రతిదానికీ రికార్డులో మీ పేరే ఉంటుంది. వాళ్ళు బిల్లు ఎగ్గొట్టినా, ఏదైనా తప్పుడు పని చేసినా కబురు మీకే వస్తుంది.

చిన్న ప్లాన్‌కు దిగడం: వాడకం తగ్గినవాళ్ళకి ఇదే చాలు. పెద్దవాళ్ళిద్దరే ఉండి టీవీ, వాట్సాప్ వీడియో కాల్స్ మాత్రమే నడిచే ఇంటికి 30 ఎంబీపీఎస్ ఎక్కువే. బిల్లు తేదీకి ముందే మార్చమంటే వచ్చే నెల నుంచి తక్కువ పడుతుంది. ప్లాన్‌తో వచ్చే ఓటీటీలు పోవచ్చు, అది చూసుకుని దిగండి.

ఏడాది ప్లాన్ల సంగతి

ముందే ఏడాది కడితే తగ్గింపు ఇస్తామనే ప్లాన్లలోనే మధ్యలో వెళ్ళేవాళ్ళకు దెబ్బ. ఉదాహరణకు నెలకు 600 ప్లాను, ఏడాదికి ఒకేసారి కడితే నెలకు 500 లెక్కన ఇస్తారనుకుందాం. పన్నుతో ఏడాదికి 7,080. ఏడో నెల తర్వాత బదిలీ అయితే, మిగిలిన డబ్బు వాపసు లేదని ప్లాన్‌లో రాసి ఉంటే, ఏడు నెలలకు 7,080 పెట్టినట్టు. నెలనెలా కట్టి ఉంటే 4,956తో పోయేది. ఈ రెండు దారులూ సమానమయ్యేది సరిగ్గా పది నెలలకు. అంటే పది నెలలు ఆ ఇంట్లో ఉంటామన్న నమ్మకం లేకపోతే, అద్దింటివాళ్ళు, బదిలీ ఉద్యోగులు, చదువు కోసం నెల్లూరు వచ్చిన పిల్లల కుటుంబాలు ఏడాది ప్లాన్ జోలికి పోకపోవడమే మంచిది. ఇప్పటికే కట్టేసి ఉంటే తీసేయించే తొందర పెట్టుకోకండి. మార్పిడో, పేరు మార్పో చూడండి. కనీసం గడువు ముగిసేదాకా వాడుకుని, ఆ రోజుకి ముందే రద్దు పెట్టండి.

“ఇన్‌స్టలేషన్ ఫ్రీ” అన్న కనెక్షన్లలో ఇంకో షరతు ఉండొచ్చు. ఆరు నెలలో ఏడాదో ఉండకపోతే మాఫీ చేసిన ఇన్‌స్టలేషన్ సొమ్ము తిరిగి వేస్తామని. అది మీరు సంతకం పెట్టిన ఫారంలో ఉంటేనే కంపెనీ ఆ సొమ్ము అడగాలి. ఎక్కడ రాసి ఉందో చూపించమని అడిగే హక్కు మీకు ఉంది, అడగండి.

రద్దు ఎలా రాసివ్వాలి

పోస్ట్‌పెయిడ్‌వాళ్ళు బిల్లు తేదీ ముందు చూసుకోవాలి. చాలా కంపెనీలు వచ్చే నెల అద్దెను ముందే బిల్లులో వేస్తాయి. రద్దు పని పూర్తి చేయడానికి నిబంధనల ప్రకారం కంపెనీకి వారం రోజుల వ్యవధి ఉంటుంది. కాబట్టి బిల్లు తేదీకి కనీసం పది రోజుల ముందు రిక్వెస్టు పడాలి. బిల్లు ప్రతి నెలా 1న తయారయ్యేదైతే 20వ తేదీకే ఇచ్చేయండి. 29న ఇస్తే మరుసటి నెల అద్దె పడి, ఆనక దాన్ని తగ్గించమని వెంటపడాల్సి వస్తుంది.

ఫోన్లో చెప్పినా, రిజిస్టరైన ఈమెయిల్ నుంచి ఒక ఉత్తరం పంపండి. ఆఫీసుకు వెళ్తే రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఇంతకంటే పొడుగు అవసరం లేదు:

“నా పేరు మీద ఉన్న బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ (ఖాతా నంబరు ____, ల్యాండ్‌లైను ____) ____ తేదీ నుంచి శాశ్వతంగా రద్దు చేయగలరు. ఆ తేదీ తర్వాత అద్దె వేయవద్దు. మీ పరికరాలు ఓఎన్‌టి (సీరియల్ నంబరు ____), అడాప్టరు తిరిగి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను, తీసుకుని రసీదు ఇవ్వగలరు. ఫైనల్ బిల్లు, డిపాజిట్ ____ రూపాయల వాపసును ఈ బ్యాంకు ఖాతాకు పంపగలరు: ____.”

రిక్వెస్టు నంబరు తప్పకుండా తీసుకోండి. కస్టమర్ కేర్‌లో “మీరు ఎందుకు వెళ్తున్నారు, రెండు నెలలు ఫ్రీ ఇస్తాం” అంటే, నిజంగా ఉండాలనుంటే తప్ప ఒప్పుకోకండి. ఒప్పుకున్న క్షణం రద్దు రిక్వెస్టు మూసేస్తారు, ఫ్రీ నెలలు అయ్యాక బిల్లు మళ్ళీ మొదలవుతుంది.

ఇంకో పొరపాటు మన తీర ప్రాంతంలో తరచూ కనిపిస్తుంది. నవంబరు, డిసెంబరు వానల్లో, తుపాన్లలో స్తంభాల మీది తీగలు తెగి నెట్ రోజుల తరబడి రాదు. విసిగి బిల్లు కట్టడం మానేస్తారు. లైను చెడిపోవడం రద్దు కాదు. ముందు ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోండి. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న ట్రాయ్ (టెలికం నియంత్రణ సంస్థ) నాణ్యతా నిబంధనల ప్రకారం ఫిర్యాదు ఇచ్చాక మూడు రోజులు దాటినా బాగు చేయకపోతే ప్రీపెయిడ్‌వాళ్ళకూ పోస్ట్‌పెయిడ్‌వాళ్ళకూ పరిహారం దక్కాలి. అది తీసుకుని, తర్వాత తీసేయించండి. ఫిర్యాదు నంబరు లేకుండా “పదిహేను రోజులు నెట్ లేదు” అంటే వినేవాళ్ళుండరు.

బాక్సు అప్పగించేటప్పుడు

గొడవలన్నీ ఎక్కువగా ఇక్కడే పుడతాయి కాబట్టి కాస్త ఓపిగ్గా చేయాలి. ఓఎన్‌టిని తిప్పి చూడండి. వెనకో కిందో తెల్లటి స్టిక్కరు ఉంటుంది. దాని మీద మోడల్, సీరియల్ నంబరు, మ్యాక్ అడ్రసు, కింద వైఫై పేరు పాస్‌వర్డు. ఆ స్టిక్కరు అక్షరాలు కనిపించేలా ఫోటో తీయండి. లైట్లు వెలుగుతుండగా ఇంకో ఫోటో తీయండి, పనిచేస్తున్న బాక్సే ఇచ్చారని ఆధారం. అద్దింట్లో ముందున్నవాళ్ళ బాక్సుతో మీది తారుమారైతే ఈ సీరియల్ నంబరే తేలుస్తుంది.

తర్వాత వెనకున్న చిన్న రీసెట్ గుంతలో పిన్నుతో పది సెకన్లు నొక్కితే మీ పాస్‌వర్డులు చెరిగిపోతాయి. ఇది బాక్సు తీసుకునే మనిషి వచ్చే ముందు చేయండి, అంతకంటే ముందు వద్దు. రీసెట్ అయ్యాక కొన్ని బాక్సుల్లో నెట్ రాదు.

కంపెనీవి ఏవి, మీవి ఏవి వేరు చేయండి. సాధారణంగా కంపెనీవి ఓఎన్‌టి, దాని అడాప్టరు, సెట్‌టాప్ బాక్సు, రిమోటు. మీరు కొన్న రూటరు, పొడుగు ల్యాన్ వైరు, కరెంటు పోయినప్పుడు పనికొస్తుందని పెట్టుకున్న చిన్న బ్యాటరీ బ్యాకప్ మీవి. ఎక్కువగా మాయమయ్యేది అడాప్టరు. కాలిపోయినప్పుడు బజారులో వేరేది కొని, పాతది పారేసి ఉంటారు. దాని ధర వేస్తారు కాబట్టి పాతది ఉంటే దాచుకోండి.

ఆకుపచ్చ కొన ఉన్న సన్నని ఫైబర్ తీగను కత్తిరించకండి. కొనను మెల్లగా లాగి, ప్లాస్టిక్ మూత ఉంటే పెట్టండి. తర్వాత దిగేవాళ్ళకు అదే లైను పనికొస్తుంది. తెగిన కొన మీద గాజు ముక్కలు చర్మంలో గుచ్చుకుంటాయి, ఆ కొనలోకి కన్ను పెట్టి చూడటం కూడా ప్రమాదం.

బాక్సు తీసుకునే మనిషి కంపెనీ రసీదు ఇవ్వలేకపోతే తెల్లకాగితం మీద సీరియల్ నంబరు, వస్తువుల పేర్లు, తేదీ, ఆయన పేరు, సంతకం రాయించుకోండి. అది కూడా కుదరకపోతే బాక్సు ఇవ్వకండి. రెండుసార్లు రమ్మన్నా ఎవరూ రాకపోతే “ఫలానా తేదీల్లో పిలిచాను, ఎవరూ రాలేదు, బాక్సు నా దగ్గర భద్రంగా ఉంది” అని మెయిల్ పెట్టండి. “బాక్సు ఇవ్వలేదు” అని ఆరు నెలల తర్వాత వచ్చే బిల్లుకు ఆ మెయిలే జవాబు.

ఆటోపే, డిపాజిట్

రద్దు ఖాయమైన రోజే ఆటోపే తీసేయాలి. ఫోన్‌పే, గూగుల్ పేలో ఆటోపే అనే చోట మ్యాండేట్ల (డబ్బు దానంతట అదే తీసుకోవడానికి మీరిచ్చిన అనుమతుల) జాబితా ఉంటుంది, అక్కడ కంపెనీ పేరు మీద రద్దు నొక్కండి. క్రెడిట్ కార్డు మీద ఉంటే బ్యాంకు సైటులో. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా పోయే మ్యాండేట్ అయితే బ్యాంకులో రద్దు చేయించాలి. ఆటోపే డబ్బు పోయే ముందు కనీసం 24 గంటల ముందు మీకు కబురు రావాలని రిజర్వు బ్యాంకు నియమం, ఆ మెసేజీలను తుడిచేయకండి. అలాగని ఆటోపే తీసేస్తే కనెక్షన్ రద్దయినట్టు కాదు, పోస్ట్‌పెయిడ్ బాకీ అలాగే పెరుగుతుంది.

డిపాజిట్ కనెక్షన్ మూసిన 45 రోజుల్లో తిరిగి రావాలి. 2024 అక్టోబరుకు ముందు ఈ గడువు 60 రోజులుండేది. ఫైనల్ బిల్లులో డిపాజిట్ తగ్గించి చూపారా, తగ్గించకుండా మొత్తం కట్టమన్నారా చూడండి. తగ్గించకుండా అడిగితే సర్దుబాటు చేయమని రాతలో అడిగి, తేలిన బాకీ మాత్రమే కట్టండి. “బాకీ లేదు” అనే ఉత్తరం లేదా సున్నా బిల్లు దాచుకోండి.

డబ్బు రాకపోతే

ముందు కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు పెట్టి డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోండి. జవాబు నచ్చకపోయినా, గడువు దాటినా 30 రోజుల్లో అదే కంపెనీలో అప్పీళ్ళు వినే అప్పిలేట్ అథారిటీకి రాయొచ్చు. ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. వివరాలు కంపెనీ సైటులోనే ఉంటాయి. దాంతోపాటు 1915కు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను కంపెనీకి పంపుతుంది. బీఎస్ఎన్ఎల్‌తో సహా టెలికం ఫిర్యాదులను కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల సైటు సీపీగ్రామ్స్‌లో టెలికం శాఖ పేరుతో కూడా పెట్టొచ్చు.

ఇవేవీ పనిచేయకపోతే నెల్లూరు లేదా ఒంగోలు జిల్లా వినియోగదారుల కమిషన్. టెలికం కేసులు వినియోగదారుల కమిషన్లు వినవచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ముంబైలో ఉన్నా సరే. అయిదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ళలోపు వేయాలి.

అవతలి వైపు నుంచి, అంటే కంపెనీయే మీ మీద బాకీ ఉందని లోక్ అదాలత్ నోటీసు పంపితే భయపడి మొత్తం కట్టేయకండి, పారేయకండి కూడా. టెలిఫోను బాకీలు కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు వస్తుంటాయి. అక్కడ రాజీ మీకు ఇష్టమైతేనే. రద్దు రిక్వెస్టు నంబరు, బాక్సు రసీదు, ఫోటోలు పట్టుకుని ఆ తేదీకి వెళ్ళి, రద్దు తేదీ తర్వాత వేసిన అద్దెను బిల్లులోంచి తీసేయమని అడగండి. మిగిలింది నిజంగా మీ బాకీ అయితే అక్కడే కట్టి, అవార్డు (రాజీ ఉత్తర్వు) కాపీ తీసుకుని రండి.